రెండున్నర వేల ఇల్లు

నాకు నోటి దురుసు ఎక్కువని గుంటూరు మిర్చి యార్డు మొత్తానికి తెలుసు. కాటా దగ్గర నిలబడ్డానంటే అమ్మే రైతుతోనూ తగాదానే, కొనేవాడితోనూ తగాదానే. పద్దెనిమిదేళ్ళుగా ఒకే కమీషన్ కొట్లో గుమస్తాని, పేరు సిలార్. లక్షల సరుకు లెక్క రోజూ నా చేతి మీదుగా వెళ్తుంది. అలాంటివాణ్ణి, అరకిలో కందిపప్పు ఎన్నాళ్ళొస్తుందో తెలియక పరువు పోగొట్టుకున్నాను. ఎవరో చెప్పగా వినే కంటే నేనే చెప్తాను, వినండి.

మా ఆవిడ నస్రత్‌కీ నాకూ గొడవంతా డబ్బు దగ్గరే. నా జీతం మూడు వేల రెండొందలు. అందులో ఏడొందలు నా సిగరెట్లకీ టీలకీ పెట్రోలుకీ ఉంచుకుని, రెండున్నర వేలు ఒకటో తారీఖున ఆవిడ చేతిలో పెట్టేవాణ్ణి. ఇరవై దాటిందంటే చాలు, "ఇంకో వంద ఉంటే ఇస్తారా" అనేది. నాకు ఒళ్ళు మండేది. "అప్పుడే అయిపోయాయా? ఏం చేశావ్ అంత డబ్బు?" అని ఇరుగుపొరుగుకి వినపడేలా అడిగేవాణ్ణి. పన్నెండేళ్ళు ఇదే వరస. తొంభై ఎనిమిది జులైలో ఒకరోజు ఆవిడ ఒక్క మాటా అనకుండా కుట్టుమిషను రిక్షా ఎక్కించి, బస్టాండుకి పోయి, పిడుగురాళ్లలో వాళ్ళన్న ఇషాక్ ఇంటికి వెళ్ళిపోయింది. తలాఖు అనలేదు, కేసు పెట్టలేదు. మీతో కలిసి ఉండటం మాత్రం నా వల్ల కాదని కబురు పెట్టింది.

మాకు ఒక్కతే కూతురు, సిద్దికా. అప్పుడు ఆరో తరగతి. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి మసీదు పక్కన బట్టల కొట్టు ఖాజావలి గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. మా పేటలో ఏ మొగుడూ పెళ్ళాల తగాదా అయినా ఆయన చాప మీదకే వస్తుంది. నేను ఆ రోజు మంచి ఊపు మీద ఉన్నాను.

"ఇంట్లో ఒక మనిషి తగ్గింది కదా మామా. అదే రెండున్నర వేలతో ఇల్లు నడిపి, పైన మిగిల్చి చూపిస్తా. పిల్ల నా దగ్గరే ఉంటుంది" అన్నాను.

నస్రత్ నా వంక చూడను కూడా చూడలేదు. "నడపనివ్వండి మామా. నడిపితే పిల్ల ఆయన దగ్గరే ఉండి చదువుకుంటుంది, నేను సెలవులకి తీసుకెళ్తాను. నడపలేకపోతే నాతో పంపాలి. అప్పు చేయకూడదు. తన ఏడొందల్లోంచి తీయకూడదు" అంది.

ఖాజావలి గారు గడ్డం నిమురుకుని, "బండి నేర్చుకునేవాడికి ఎల్ బోర్డు ఇచ్చినట్టు రెండు నెలలు వదిలేద్దాం. మూడో నెల, అక్టోబరు, అదే అసలు లెక్క. నవంబరు ఒకటిన మళ్ళీ కూర్చుందాం" అన్నారు.

ఇంటికొస్తుంటే స్కూటర్ వెనక నుంచి సిద్దికా, "నాన్నా, నువ్వు ఓడిపోతే నేను బడి మారిపోవాలా?" అంది. "నేనెందుకు ఓడిపోతానే?" అని కసిరాను. కసిరానే గానీ, ఆ పిల్ల లేని ఇంట్లో సాయంత్రం తాళం తీసుకుని అడుగుపెట్టడం తలుచుకుంటేనే నాకు గుబులేసింది.

ఆగస్టు ఒకటిన రంగంలోకి దిగాను. యార్డు మనిషినండీ నేను. మా కంటికి బస్తా కంటే చిన్నది సరుకు కాదు. పావుకిలోలూ అరకిలోలూ కొనడం వల్లే మా ఆవిడకి డబ్బు నిలవలేదని నా గట్టి నమ్మకం. అందుకని కూరగాయల మార్కెట్‌కి పోయి ఉల్లిపాయలు బస్తా ఎత్తించాను. కిలోకి రెండు రూపాయలు కలిసొచ్చింది. టమాటాలు ఒక పెట్టె. నూనె ఒక డబ్బా, పదిహేను కిలోలు. కందిపప్పు పది కిలోలు. రిక్షా నిండా సరుకుతో వీధిలోకి వస్తుంటే, మా ఇంటి ఓనరు రహిమున్నీసా గుమ్మంలోకి వచ్చి, "ఏంటి సిలార్ గారూ, ఇంట్లో పెళ్ళా?" అంది. నేను మీసం మెలేశాను.

అద్దె, పాలు, బియ్యం, బడి ఫీజు కట్టేసరికి నా దగ్గర నూట పది రూపాయలు మిగిలాయి. తారీఖు ఇంకా నాలుగు.

టమాటాలు ఆగవు కదా, తినాలి. పదకొండు రోజులు తిన్నాం. టమాటా పప్పు, టమాటా కూర, టమాటా చారు, టమాటా పచ్చడి. ఒకనాడు సిద్దికా కంచం ముందు కూర్చుని, "నాన్నా, టమాటా లేని కూర ఏదైనా ఉందా?" అంది. ఉందమ్మా, ఉల్లిపాయ కూర ఉంది అన్నాను. అది ఏడ్చిందో నవ్విందో నాకు తెలీలేదు.

ఇంతలో ముసురు పట్టింది. మంచం కింద ఉల్లిపాయలు చెమ్మ పట్టి కుళ్ళడం మొదలెట్టాయి. రహిమున్నీసా తలుపు కొట్టి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంట్లో ఎలకేమైనా చచ్చిందేమో చూడండి" అంది. సగం బస్తా ఎత్తుకుపోయి పెంటకుప్ప మీద పోసొచ్చాను. పందొమ్మిదో తారీఖుకి రెండున్నర వేలూ అయిపోయాయి. ఎల్ బోర్డు నెల కాబట్టి బతికిపోయాను. నా ఏడొందలూ ఇంట్లోకే పోయాయి, సిగరెట్లు మానేసి బీడీలు పట్టాను.

సెప్టెంబరులో బుద్ధొచ్చి చిల్లరగానే కొన్నాను. అయినా తప్పలేదు. గ్యాసు అయిపోయింది. సిద్దికాకి జ్వరమొస్తే బ్రాడీపేటలో డాక్టరుకి చూపించాను, మందులతో కలిపి నూట ఎనభై. బడి చెప్పులు తెగిపోయాయి. మా బంధువులింట్లో నిఖా, నూటపదహార్లు చదివించకపోతే బాగోదు. ఇవేవీ నేను ఒకటో తారీఖున రాసుకున్న కాగితంలో లేవు. యార్డులో మేం ప్రతి బస్తాకీ తరుగు తీస్తాం. దుమ్ముందనీ, తేమ ఉందనీ, తొడిమలు రాలతాయనీ రైతు నెత్తి మీద కిలోన్నర కోస్తాం. ఇల్లన్నాక దానికీ తరుగుంటుందని నాకు ఏనాడూ తోచలేదు. ఇరవై ఆరుకి చేతులెత్తేశాను.

అక్టోబరు వచ్చింది. ఈసారి తప్పితే పిల్ల పిడుగురాళ్ల వెళ్ళిపోతుంది. నాకు నిద్ర పట్టడం మానేసింది. పైగా ఆ నెలకి ముప్పై ఒక రోజులు. పైగా ఉల్లిపాయ కిలో నలభై రూపాయలైంది. పెంటకుప్ప మీద పోసిన ఉల్లిపాయలు తలుచుకుని నేను ఎంతసేపు తిట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

సిగ్గు విడిచి మా వీధి చివర బాపయ్య కొట్టుకి వెళ్ళాను. "మా ఆవిడ ఏం కొనేది, ఎలా కొనేది, చెప్పు" అన్నాను. బాపయ్య కళ్ళజోడు సర్దుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"అమ్మగారు నూనె శనివారం శనివారం పావుకిలో తీసుకెళ్ళేవారండి. ఎక్కువుంటే చెయ్యి ఎక్కువ పడుతుందనేవారు. గుండు పప్పు కాదు, పప్పు నూక. చవక, రుచీ అదే. కూరగాయలకి పొద్దున్నే వెళ్ళరు, సాయంత్రం బండ్లవాళ్ళు ఇళ్ళకి పోయే వేళకి వెళ్తారు. సబ్బు ముక్క అరిగితే కొత్త సబ్బుకి అంటించేవారు. మీరు ఇంట్లో చూసుండరా?"

చూడలేదు. పన్నెండేళ్ళు ఆ సబ్బుతోనే స్నానం చేశాను, చూడలేదు.

ఆ నెలంతా నేనూ సిద్దికా ఒక జట్టు. సాయంత్రాలు బండ్ల దగ్గర అది బేరం ఆడేది, నేను సంచి పట్టుకునేవాణ్ణి. యార్డులో ఎవడికీ లొంగని నా నోరు అక్కడ మూతపడింది, పిల్ల నోరు తెరుచుకుంది. "మావయ్యా, ఈ వంకాయలు రేపటికి మీరైనా తింటారా?" అనేది. వాడు నవ్వి రెండు ఎక్కువ వేసేవాడు. నాకు బలే గర్వంగా ఉండేది. ఎవరి పోలికో తెలిసి కాస్త గుండె కలుక్కుమనేది కూడా.

ఇరవై ఐదుకి చేతిలో నూట నాలుగు రూపాయలున్నాయి. ఆరు రోజులుంది. అవి పాలకీ కూరకే పోతాయి. బియ్యం డబ్బా తట్టి చూశాను. ఇద్దరికి చాలవు. ఒకరికి రెండు పూటలా, ఇంకొకరికి ఒక పూట అయితే సరిపోతాయి. ఇరవై ఆరో తారీఖున దానికి అన్నం పెట్టి, "నేను యార్డులో తినొచ్చానమ్మా, నువ్వు కానీ" అన్నాను. మర్నాడూ అదే మాట. మూడోనాడు సిద్దికా ముద్ద కలుపుతూ తలెత్తకుండానే అంది.

"అమ్మ కూడా ఇలాగే అనేది నాన్నా. మీరు రాకముందే తినేశానని. నేనూ నిజమే అనుకునేదాన్ని."

నేను లేచి పెరట్లోకి వెళ్ళి, ఏదో పని ఉన్నట్టు నీళ్ళ బకెట్టు ఇటుదటు మార్చాను. అలాంటి సిగ్గు నేను అంతకు ముందు పడలేదు. యార్డులో నలుగురిలో నన్ను దొంగలెక్కవాడా అన్నా ఇంత బాధపడను.

నవంబరు ఒకటి ఆదివారం. ఖాజావలి గారి చాప మీద ఆయన ఎదురుగా నేను, సిద్దికా. ఇటువైపు నస్రత్. పొద్దున బస్సుకే దిగింది. మునుపటి కంటే కాస్త ఒళ్ళు చేసినట్టు కనిపించింది. నేను లెక్కల పుస్తకం తీసి పద్దు చదివాను. ఆవిడ వదిలిపెడుతుందా, ఒక్కొక్కటే పట్టుకుంది.

"గ్యాసు?"

"పదో తారీఖు."

"పిల్లకి తలనూనె?"

"కొబ్బరినూనె, వంద గ్రాములు."

"రహిమున్నీసా గారి మనవడి పుట్టినరోజుకి ఏమిచ్చారు?"

"పలక. ఎనిమిది రూపాయలు."

ఆవిడ తల ఊపింది. నేను జేబులోంచి పద్నాలుగు రూపాయలు తీసి చాప మీద పెట్టాను. అప్పు లేదు, ఏడొందలు ముట్టుకోలేదు. సిద్దికా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఖాజావలి గారు సంతోషంగా, "అయితే సిలార్ గెలిచినట్టే. చూశావా నస్రత్, డబ్బు సరిపోయింది. నువ్వే కాస్త చెయ్యి బిగపట్టి ఉంటే సంసారం ఇంతదాకా వచ్చేది కాదు కదమ్మా" అన్నారు.

నేను పన్నెండేళ్ళు అడిగినప్పుడు ఎలా తల దించుకుని ఊరుకునేదో ఆవిడ అలాగే ఊరుకుంది. పిల్ల నాకు దక్కింది, నేను నోరు మూసుకుంటే చాలు. కానీ నా నోరు మూసుకునే నోరు కాదు కదా.

"సరిపోలేదు మామా" అన్నాను.

"అదేంటయ్యా, పద్నాలుగు మిగిలాయిగా?"

"నేను తినలేదు కాబట్టి మిగిలాయి. చివర ఆరు రాత్రులు పస్తున్నాను. అన్నం తింటే నేను ఓడిపోయినట్టే. రెండున్నర వేలు ఈ ఇంటికి చాలవు. ఎప్పుడూ చాల్లేదు."

అనేశాక పక్కకి చూడాలంటే భయమేసింది. సిద్దికా చెయ్యి ఇంకా నా మోచేతి మీదే ఉంది. ఖాజావలి గారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. నియమం ప్రకారం పిల్ల పిడుగురాళ్ల బస్సు ఎక్కాలి.

"ఆరు రాత్రులా?" అంది నస్రత్.

"ఆరు."

"నాకు ప్రతి నెలా పది" అంది. కోపంగా అనలేదు, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఖాజావలి గారి వైపు తిరిగింది. "పిల్లని ఇక్కడే చదవనివ్వండి మామా. ఆయనకి ఇల్లంటే ఏంటో ఇప్పుడు తెలిసింది. ఇకనించి ఆ ఏడొందల్లో ఐదొందలు ఇంట్లోకి పెట్టమనండి. కుట్టుపని మీద నేనూ నెలకి రెండొందలు పంపిస్తాను. పిల్లా ఆయనా రెండు పూటలా తినాలి."

పెట్టమనడం ఏంటి, నేను అప్పటికే సరే సరే అని రెండుసార్లు అనేశాను. సిద్దికా లేచి వెళ్ళి వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. నాకు ధైర్యం వచ్చింది.

"మరి నువ్వూ వచ్చేయరాదూ" అన్నాను.

నస్రత్ పిల్ల జడ సర్దుతూ, ఆ రోజు మొదటిసారి నా మొహంలోకి చూసింది. "పిడుగురాళ్లలో నేను కడుపు నిండా తింటున్నానండి. ఇంకొన్నాళ్ళు తిననివ్వండి" అంది.

ఆవిడ బస్సుకి ఇంకా మూడు గంటలుంది. చాప మీది పద్నాలుగు రూపాయలు తీసుకుని బాపయ్య కొట్టుకి పోయి కోడిగుడ్లు తెచ్చాను. కూర నేనే వండాను. ముగ్గురం వరసగా కూర్చున్నాం. ఉప్పు ఎక్కువైందని ఆవిడ మూడుసార్లు చెప్పింది. చెప్తూనే కంచం ముందుకు జరిపి రెండోసారి అన్నం పెట్టించుకుంది.