మేస్త్రమ్మ చేసిన ఉక్కు చెయ్యి

ఆ దుకాణానికి కొత్తగా వచ్చిన వాళ్ళెవరైనా గుమ్మంలోనే ఆగి "మేస్త్రి లేడా?" అని అడుగుతారు. ఆవిడ ఇనుము చెక్కే లేతు యంత్రం ఆపకుండానే "మీతో మాట్లాడుతున్నది మేస్త్రే, సంగతేంటో చెప్పండి" అంటుంది. భర్త పోయినప్పుడు ఆ యంత్రాన్ని అమ్మేయమని నలుగురూ నచ్చజెప్పారు. ఆవిడ వినలేదు. పగలంతా పాడు చేసిన ఇనుము ముందు రాత్రిళ్ళు కూర్చుని, ఎక్కడ తప్పిందో చూసుకుంటూ రెండేళ్ళలో పని పట్టేసింది. ఇప్పుడు ఊళ్ళో ఎవరికీ చేతకాని పని వస్తే అందరూ చూపించేది ఆ గుమ్మాన్నే. అందరి నోటా ఆవిడ మేస్త్రమ్మ.

ఆ శనివారం మధ్యాహ్నం ఆవిడ మేనకోడలు ఇద్దరు పరదేశీయులను వెంటబెట్టుకుని వచ్చింది. అన్నదమ్ములు. అన్న నడుపుతాడు, తమ్ముడు కారు చూసుకుంటాడు.

మేనకోడలిది డ్రిఫ్టింగ్ పిచ్చి. ఆ పోటీలో ముందు ఎవరు చేరారన్నది లెక్క కాదు. కార్లు జంటగా దిగుతాయి. ముందు కారు మలుపులో అడ్డంగా జారుతూ పోతుంటే, వెనక కారు దాన్ని తాకకుండా, అలాగని వదలకుండా, అంతే అడ్డంగా జారాలి. తర్వాత ముందుది వెనక్కి, వెనకది ముందుకి. మేస్త్రమ్మ దృష్టిలో అది బంగారంలాంటి టైర్లను తగలేసే పని. ఒక్కసారైనా చూడటానికి వెళ్ళలేదు.

తమ్ముడు ఫోనులో ఏదో మాట్లాడి ఆవిడ ముందు పెట్టాడు. ఫోను చక్కటి తెలుగులో, "అమ్మా, మా వేలి కణుపు విరిగింది. దయచేసి ఉక్కుతో కొత్తది చేయండి" అంది.

మేస్త్రమ్మ అతని పది వేళ్ళూ తేరిపార చూసింది. "అన్నీ బాగానే ఉన్నాయే?"

మేనకోడలు నవ్వాపుకోలేక బల్ల పట్టుకుంది. "వేలు కాదత్తా. కారుది." సంచీలోంచి రెండు ఇనుప ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. స్టీరింగు తిప్పితే ముందు చక్రాన్ని తిప్పే చెయ్యి అది. ఇంగ్లీషులో దాన్నీ వేలి కణుపునీ ఒకే మాటతో 'నకుల్' అంటారు. పొద్దున సాధనలో గోడకు తగిలి రంధ్రం దగ్గర పుటుక్కున విరిగింది. వాళ్ళ విడిభాగాల పెట్టె ఇంకా ఏదో ఓడరేవులోనే ఉంది.

"రేపు పోటీ కదా. వీళ్ళకి జంట ఎవరు?"

"నేనే."

"వీళ్ళు దిగకపోతే?"

మేనకోడలు నీళ్ళు నమిలింది. "నేను ఊరికే పై రౌండుకి పోతాను. మా జట్టువాళ్ళు అదే మంచిదంటున్నారు."

"మరి నీకేం తోచి తెచ్చావు?"

"ఈ అన్నగారి వీడియోలు చూసే నేను నేర్చుకున్నానత్తా. నాలుగేళ్ళుగా ఏ తప్పు చేసినా పంపితే, విసుక్కోకుండా చూసి చెప్పేవాడు. మొహం చూడటం మొన్నే. ఈయన పక్కన లేకుండా ట్రాకు మీద ఒక్కదాన్నే తిరిగొస్తే దాన్ని గెలుపని ఎలా అనుకోను?"

మేస్త్రమ్మ చేతులు తుడుచుకుంది. ముక్కలు రెండూ కలిపి పట్టుకుని, మూలనున్న ఉక్కు దిమ్మెల్లో ఒకటి ఏరుకుంది.

కోత వరకూ పేచీ లేదు. చిక్కంతా ఆ రంధ్రంతోనే. లోపలికి పోయేకొద్దీ సన్నబడాలి. అందులో దిగే పిన్ను ఎక్కడా సందు లేకుండా కూర్చోవాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా మలుపులో ఊగి ఊగి మళ్ళీ విరుగుతుంది. ఆవిడ దిమ్మెను యంత్రానికి బిగించి, వాలు కొలిచి, నింపాదిగా తొలవసాగింది. తమ్ముడు అడ్డు రాకుండా పక్కన నిలబడి చూస్తూ, ఆవిడ చెయ్యి చాపకముందే కావలసిన పనిముట్టు అందించేవాడు. అరగంట గడిచేసరికి ఇద్దరికీ ఫోను అక్కర్లేకపోయింది.

పిన్నుకు నీలి రంగు పల్చగా పూసి రంధ్రంలో దింపి, తిప్పి, బయటికి తీసింది. రంగు పైభాగంలోనే చెరిగింది. అంటే కింద ఆనలేదు. తమ్ముడు ఫర్వాలేదన్నట్టు తలూపాడు. ఆవిడ ఊపలేదు. వాలు ఒక్క పిసరు మార్చి మళ్ళీ తొలిచింది. ఈసారి పిన్ను పైనుంచి కిందిదాకా సమంగా చెరిగింది. తమ్ముడు దాన్ని వెలుతురులో చుట్టూ తిప్పి చూసి, అన్నకు చూపించి, ఆవిడ నూనె చేతులను తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

బయట ఇంకా ఎండ ఉంది.

మర్నాడు మేస్త్రమ్మ మొదటిసారి పోటీకి వెళ్ళింది. తను చేసిన చెయ్యి నిలుస్తుందో లేదో చూడటానికే వెళ్తున్నానని చెప్పింది. తీరా చూస్తే ఆ ఎర్ర కారు తలుపు మీద, పెద్ద కంపెనీల పేర్ల మధ్య, చేత్తో రాసిన వంకర టింకర అక్షరాలేవో ఉన్నాయి.

"ఏంటవి?"

"నీ పేరత్తా. వాళ్ళ లిపిలో 'అత్త' అని. నిన్నంతా నేను అలా పిలవడం విని అదే నీ పేరనుకున్నారు."

ఆవిడ తలుపు మీద లేని దుమ్ము తుడిచింది. అప్పటికే నాలుగు దేశాల మెకానిక్కులు ఆవిడను చూసి "అత్తా, అత్తా" అని తలలు వంచి పలకరిస్తున్నారు.

జంట దిగింది. ఎర్ర కారు పొగ చిమ్ముతూ మలుపులో అడ్డం తిరిగింది. వెనక మేనకోడలి తెల్ల కారు దాని తలుపుకు జానెడు దూరంలో, గొలుసు కట్టి లాగినట్టు జారింది. మేస్త్రమ్మ ముందు ఎర్ర కారు చక్రాన్నే చూసింది. అది నిలిచింది. ఆ తర్వాత దాన్ని మరిచేపోయింది. ఆ పొగలో దారి కనిపించని చోట కూడా తన మేనకోడలు వెనక్కి తగ్గకుండా నడుపుతోంటే ఒళ్ళంతా పులకరించింది. స్థానాలు మారినా ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. న్యాయనిర్ణేతలు తేల్చలేక మళ్ళీ తిరగమన్నారు. జనం లేచి నిలబడ్డారు.

రెండోసారి, ఆఖరి మలుపులో తెల్ల కారు గిర్రున తిరిగి ఆగిపోయింది. అన్న గెలిచాడు.

కారు దిగిన మేనకోడలు తల ఎత్తలేదు. "నేను అది చెయ్యకపోయుంటే నువ్వు గెలిచేదానివేమో" అంది మేస్త్రమ్మ మెల్లగా.

"నువ్వు చేశావు కాబట్టే ఇవాళ నేనేంటో నాకు తెలిసింది" అంది పిల్ల.

"మొండితనంలో నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. నువ్వే రెండాకులు ఎక్కువ చదివావు."

అంతలో తమ్ముడు వచ్చి తెల్ల కారు ముందు చక్రం పక్కన కూర్చున్నాడు. స్టీరింగు చివరిదాకా తిప్పమన్నాడు. చక్రం ఒకచోట ఆగిపోయింది. ఎర్ర కారుది ఇంకాస్త తిరుగుతుంది. ఆ కాస్త తిరగకే కారు చేజారింది. తప్పు పిల్లది కాదు. అతను జేబులోంచి సుద్ద తీసి, నేల మీద ఆ ఉక్కు చేతి బొమ్మ గీసి, పిన్ను రంధ్రం ఎంత లోపలికి జరగాలో అంకె వేశాడు. చూస్తున్న వేరే జట్టు మెకానిక్కు నోరెళ్ళబెట్టాడు. ఏ జట్టూ మరో జట్టుకు చెప్పని కొలత అది.

మేస్త్రమ్మ బొమ్మ పక్కనే కూర్చుని వేలితో కొలిచింది. అతని చేతిలోంచి సుద్ద తీసుకుని, ఆ చెయ్యి సన్నబడే చోట ఇంకాస్త మందం పెంచి గీసింది. అతను ఆలోచించి, గట్టిగా తలూపాడు.

"కారు రేపు పొద్దున్నే దుకాణానికి పట్రా" అంది ఆవిడ మేనకోడలితో, చేతులు దులుపుకుని లేస్తూ. "రెండు వైపులా కొత్తవి చేస్తాను."