నా కోసమేనట

"ఆదివారం పార్టీకి ఓ అరవై మందికి సరిపడా చిరుతిండి ఏదైనా చేసెయ్యి. వట్టి చేతులతో వెళ్తే ఏం బాగుంటుంది?" అన్నారు మా ఆయన, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. ఆ పార్టీ మాకు వీడ్కోలు చెప్పడానికి వీధివాళ్ళు పెట్టుకున్నది. పెళ్ళికూతురినే పెళ్ళివంట చెయ్యమన్నట్టుందని నవ్వు రాబోయింది కానీ, ఒళ్ళుమంట దాన్ని పైకి రానివ్వలేదు. అప్పటికి నేను వంటింట్లో నేల మీద చతికిలబడి, పద్నాలుగేళ్ళుగా పేరుకుపోయిన గిన్నెలకు పాత కాగితాలు చుడుతున్నాను. సర్దుడులో ఆయన వంతు ఆయనా చేశారు లెండి. తన పుస్తకాల పెట్టె మీద 'జాగ్రత్త' అని రాశారు.

ఆయన ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చాం. ఇప్పుడు మన దేశంలో ఆయనకు ఇంతకన్నా పెద్ద ఉద్యోగం వచ్చింది కాబట్టి వెళ్ళిపోవాలి. వచ్చేటప్పుడూ నన్ను అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. టికెట్లు కొన్నాక, "నీకేం, అక్కడ పనిమనుషులుంటారు, హాయిగా కూర్చోవచ్చు" అన్నారు. ఫోన్లో అత్తగారు, "ఇక్కడికొచ్చాక కాస్త పని అలవాటు చేసుకోవాలమ్మా. అక్కడ నీకు అన్నీ మిషన్లే చేస్తాయటగా" అన్నారు. నిజమే, మిషనే. వీధి చివర బట్టలు సరిచేసే చిన్న దుకాణంలో పదకొండేళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చుంటున్నాను. ప్యాంట్ల పొడవు తగ్గిస్తాను, జిప్పులు మారుస్తాను, చిరుగులు కనబడకుండా కలుపుతాను. ఈ వీధిలో ఎవరి నడుము ఏ ఏడాది ఎంత పెరిగిందో నాకు తెలుసు, ఎవరికీ చెప్పను. ఇక్కడి భాష కూడా అక్కడే, నోట్లో గుండుసూదులు పెట్టుకుని నేర్చుకున్నాను. ఆఫీసులో అంతా ఇంగ్లీషే కాబట్టి మా ఆయనకు ఆ అవసరం పడలేదు. ప్లంబరు వచ్చినా, ఆయన పంటినొప్పికి డాక్టరు దగ్గరికెళ్ళినా మధ్యలో నిలబడి చెప్పేది నేనే. అంతా అయ్యాక, "నీ మాటల్లో వ్యాకరణం బొత్తిగా ఉండదు" అనేవారు, ఆ భాషలో ఒక్క ముక్క రాని మనిషి.

పోయిన నెల దుకాణం యజమానురాలు మోకాళ్ళు రాసుకుంటూ, "ఇంక నావల్ల కాదు. దుకాణం నువ్వు తీసుకో. పైన గది కూడా ఖాళీయేగా, వాడుకో" అంది. ఆమెను నేను షాపావిడ అంటాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే పకపకా నవ్వారు. "సూదీదారం కోసం పరాయిదేశంలో ఉండిపోయామని నలుగురికీ చెప్పుకోమంటావా?" షాపావిడకు కుదరదని నేను చెప్పలేదు. కుదురుతుందనీ చెప్పలేదు. ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు పోయిన ఏడాదే నా ఉద్యోగం మీద నాకు విడిగా వచ్చింది. ఆ కాగితాల మీద ఆయనా సంతకం పెట్టారు. చదవలేదంతే.

ఆదివారం మధ్యాహ్నం పార్టీ హాలుకి వెళ్ళాం. రెండు ట్రేలు నేను మోశాను, కారు తాళాలు ఆయన మోశారు. పక్కింటి నర్సు గబగబా ఎదురొచ్చి ట్రేలు అందుకుంది.

"నీ పార్టీకి నువ్వే వండావా? బుద్ధి ఉందా ఆ మనిషికి?"

తననేదో మెచ్చుకుంటోందనుకుని మా ఆయన "థాంక్యూ" అన్నారు.

తినడాలయ్యాక ఆయన మైకు అందుకున్నారు. "తెలుగులోనే మాట్లాడతాను, ఫీలింగ్ ఉంటుంది. నువ్వు వాళ్ళ భాషలో చెప్పు" అన్నారు. మీ అందరి అభిమానం మరువలేనిదన్నారు. చెప్పాను. ఈ వీధి నాకు సొంత ఊరితో సమానమన్నారు. అదీ చెప్పాను. పోస్టుమన్ పక్కవాణ్ణి "ఈయనెవరు?" అని అడగడం నాకు వినబడింది.

అప్పుడాయన గొంతు తగ్గించారు. "కానీ మా ఆవిడ ఇక్కడ ఒంటరైపోయింది. పాపం, ఇల్లు తప్ప ఇంకో లోకం తెలీదు. ఆమె కోసమే అన్నీ వదులుకుని వెళ్తున్నాం."

నేను హాల్లోకి చూశాను. ముందు వరుసలో షాపావిడ కూర్చుని ఉంది. నైట్ డ్యూటీలప్పుడు తన పిల్లల్ని నా దగ్గర వదిలిన నర్సు ఉంది. భార్య అంత్యక్రియలకని నేను ఒక్క పూటలో కోటు సరిచేసి ఇచ్చిన పోస్టుమన్ ఉన్నాడు. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. వాళ్ళ ఎదుట, నా నోటితోనే, నాకెవరూ లేరని చెప్పాలి. కన్నీళ్ళు వస్తాయనుకున్నాను. రాలేదు. విసుగు మాత్రం పీకలదాకా వచ్చింది.

ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఏమైంది? చెప్పు. చిన్న చిన్న వాక్యాలేగా" అన్నారు.

చెప్పాను. ఎంతోసేపు పట్టలేదు. షాపావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నర్సు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, ఆ వెనకే హాలంతా లేచింది. మా ఆయన అన్ని వైపులకీ తిరిగి చేతులు జోడించారు. కుర్చీలో కూర్చుంటూ, మొహం వెలిగిపోతుండగా నా వైపు వంగారు.

"చూశావా, ఎంత కదిలిపోయారో. నేనన్నవన్నీ సరిగ్గా చెప్పావా?"

"చెప్పానండీ. నా కోసమే అన్నదీ చెప్పాను. 'వెళ్తున్నాం' అన్నచోట మాత్రం 'ఆయన వెళ్తున్నారు' అన్నాను."