బయటివైపు గొళ్లెం

నేను ఒక గొళ్లేన్ని. జానెడు ఇనుప పట్టీ, అందులో జరిగే చువ్వ, పట్టుకోవడానికి చిన్న చెవి. నా ఒళ్లంతా ఇంతే. కార్ఖానాలో పుట్టినప్పుడు మాకు లోపలా బయటా అనే తేడా ఉండదు. తలుపుకు ఏ వైపు బిగిస్తే ఆ వైపే మా బతుకు. ఆ వైపేదో తేల్చేది మనుషులు. వాళ్ల తీర్పు ఎంత గొప్పదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

హనుమకొండలో ఒక ఇనుప సామాన్ల దుకాణంలో దుమ్ము కొట్టుకుపోయి ఉన్న నన్ను స్వరూప ఏరుకుంది. చువ్వను ముందుకూ వెనక్కూ జరిపి, "సప్పుడు తక్కువ చేసేది గావాలె" అంది. సేటు నవ్వాడు. గొళ్లేన్ని చప్పుడు చూసి కొనేవాళ్లు ఆయనకు అంతవరకు తగల్లేదు.

స్వరూప కథలు రాస్తుంది. ఒక వారపత్రిక పెట్టిన పోటీకి నవల రాసింది, ఆఖరి అధ్యాయం తప్ప. గడువు దసరా దాకా. ఆ ఒక్క అధ్యాయమే తెమలడం లేదు. ఇంట్లో ఉన్న మనిషికి పనేం ఉంటుందని ఆ వీధి వీధంతా నమ్మకం. పక్కింటివాళ్ల గ్యాస్ బండ ఈమె గుమ్మంలోనే దింపేవారు. ఎదురింటి పెద్దమ్మ పప్పు ఏరుతూ వచ్చి కూర్చునేది. అత్త కొమురమ్మ కళ్లజోడు వెతకాలన్నా, భర్త సంపత్ సాక్సులు దొరకాలన్నా ఈమే లేవాలి. లేచి వచ్చేసరికి వాక్యం పోయేది. అందుకే సామాన్ల అర్రలో బియ్యం బస్తాల మధ్య ఒక కుర్చీ వేసుకుని, తలుపుకు లోపలివైపు నన్ను బిగించుకోవాలనుకుంది.

వడ్రంగి సోమాచారికి పని ఒప్పజెప్పింది సంపత్. "సామాన్ల అర్రకు గొళ్లెం కొట్టు చారీ" అని చెప్పి బజారుకు పోయాడు. చారి శుభ్రంగా బయటివైపు కొట్టాడు. స్వరూప కూరగాయలతో తిరిగొచ్చి చూసి, "అయ్యో, లోపటి దిక్కు గదా కొట్టాల్సింది!" అంది.

"లోపటి దిక్కా? బియ్యం బస్తాలు తలుపేసుకుంటయా అమ్మా?" అని చారి నవ్వాడు. కొమురమ్మా నవ్వింది. బజారు నుంచి వచ్చిన సంపత్ కూడా నవ్వి, "మళ్ల పీకితే చెక్క ఖరాబైతది, ఉండనియ్యి. ఇంట్లనే ఉంటవు గదా, నీకు గొళ్లెం ఎందుకు?" అన్నాడు. ఆమె నవ్వలేదు. నాకు మాత్రం నాలుగు స్క్రూలూ ఊడి కింద పడిపోవాలనిపించింది.

అలా ఆమె ఉత్త తలుపు దగ్గరికేసుకుని రాసుకునేది. తోసిన ప్రతి చేతికీ ఆ తలుపు తెరుచుకునేది. బయట నేను చేతకాక వేలాడేదాన్ని.

ఒకనాడు మధ్యాహ్నం, కోడలు డాబా మీద బట్టలు ఆరేస్తోందనుకుని, పప్పుల్లో పిల్లి దూరుతుందని కొమురమ్మ నన్ను బిగించి పోయింది. లోపల స్వరూప ఉంది. నా చప్పుడు వింది. కుర్చీ కదిలింది, అడుగులు తలుపు దాకా వచ్చాయి. పిలుస్తుందనుకున్నాను. అడుగులు వెనక్కి వెళ్లాయి, కుర్చీ మళ్లీ సర్దుకుంది. ఆ తర్వాత పెన్ను పరుగు ఒక్కటే వినబడింది. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

సాయంత్రం టీ పెట్టేవాళ్లు లేకపోయేసరికి ఇంట్లోవాళ్లకు ఆమె జ్ఞాపకం వచ్చింది. డాబా, వాకిలి, పక్కిల్లు అన్నీ వెతికి, చివరికి సంపత్ నన్ను లాగాడు.

"పిలువొద్దా? ఒక్క కేకెయ్యరాదా?"

"పిలిస్తే తీస్తరని పిలువలే" అంది స్వరూప. అధ్యాయం సగమైంది. ఆ ఉత్సాహంలో పాపం నోరు జారింది. "రోజూ గింతసేపు గిట్లనే బయట గొళ్లెం పెట్టుండ్రి. దసరా లోపట అయిపోతది."

కొమురమ్మ గుండెలు బాదుకుంది. "కోడలిని అర్రలేసి గొళ్లెం పెట్టిన్రంటరు! మా ఇజ్జత్ ఏంగావాలె?"

పరువుకు భయపడి సంపత్ ఆ రాత్రే నన్ను ఊడబెరికాడు. చెక్క ఖరాబవుతుందన్న మాట అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. పాత మేకుల డబ్బాలో పడేశారు నన్ను. దసరా వచ్చింది, పోయింది. మిగతా సగం మిగిలే ఉంది. పత్రిక ఇంకెవరి నవలో వేసుకుంది.

చలికాలంలో సంపత్ కంపెనీ అతన్ని ఇంటి నుంచే పని చేయమంది. మొదటి రోజే, అతను మీటింగులో ఉండగా, తల్లి కళ్లజోడు అడుగుతూ గదిలోకి వచ్చింది. "ఇట్లయితే పనెట్లయితది?" అని అతను మండిపడ్డాడు. వెంటనే సోమాచారికి కబురు వెళ్లింది, డబ్బాలోంచి నన్ను తీశారు. ఏ వైపు కొట్టాలని చారి ఈసారీ అడగలేదు. సార్ పని చేసుకునే గది అనగానే లోపలివైపు కొట్టాడు. ఎవరూ నవ్వలేదు.

లోపలివైపు చాలా బాగుంటుంది. ఆమె ఎందుకు కోరుకుందో ఇప్పుడు తెలుస్తోంది. రోజూ పదకొండు గంటలకు స్వరూప టీ గ్లాసుతో వచ్చి అవతల నిలబడుతుంది. పిలవదు, తలుపు తట్టదు. మీటింగు అయ్యేదాకా ఆగుతుంది. సంపత్ నన్ను లాగేసరికి టీ చల్లారిపోయి ఉంటుంది. "వేడిగ తేరాదా?" అంటాడు అతను.

ఆమె నా వైపు చూస్తుంది. నేను తల దించుకుందామన్నా నాకు తల లేదు.