సవతి సైకిల్

ఆదివారం పొద్దున తార్నాకలో అందరూ ఇడ్లీల ముందు కూర్చుంటే, నరేందర్ మాత్రం వాకిట్లో తలకిందులుగా పెట్టిన సైకిల్ ముందు కూర్చుంటాడు. పాతకాలపు రేసు సైకిల్, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్. పేరు రాణి. యూనివర్సిటీ లైబ్రరీలో డ్యూటీకి రోజూ దాని మీదే వెళ్తాడు. పెళ్లికి ముందు నుంచీ అతని దగ్గరుంది, అందుకే భార్య భాగ్యకు అదంటే గిట్టదు.

భాగ్యకు కుళ్లు పుడితే ఆమె చూస్తున్న వస్తువు ఆగిపోతుంది. పక్కింటి భారతమ్మ కొత్త మిక్సీ కొన్న రోజు చట్నీ సగంలోనే ఆగింది. "జర అటు తిరుగు బిడ్డా, పప్పు రుబ్బుకుంట" అంటుంది భారతమ్మ. భాగ్య అటు తిరిగి కూర్చుంటుంది. కొందరికి పుట్టుమచ్చ ఉంటుంది, ఈమెకు ఇది ఉంది, అంతే.

రాణి బ్రేకులు ఎన్నాళ్లుగానో సరిగా పట్టవు. రబ్బర్లు రాళ్లయ్యాయి. నొక్కితే కీచుమంటుంది గానీ ఆగదు. దసరా దగ్గరపడ్డాక నరేందర్ కొత్త తీగలు వేశాడు, మెత్తటి రబ్బర్లు బిగించాడు, రిమ్ములను గరుకు కాగితంతో రుద్దాడు. చక్రం తిప్పి, దగ్గరగా చెవి పెట్టి విన్నాడు.

"నా మోకాలు నొస్తున్నదంటే ఎన్నడన్న గింత నూనె రాసినవా?" అంది భాగ్య.

"ఇది పానం మీది పని. క్యాంపస్ దిగుడు కాడ బ్రేక్ పట్టకుంటే సీదా బస్సు కిందికే" అన్నాడు తలెత్తకుండా.

తిరుగుతున్న చక్రం టక్కున ఆగింది.

"ఇటు చూడకు భాగ్యా. చెక్ చేసుకోనియ్యి."

దసరా నాడు రాణికి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాడు. భాగ్య కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. అతను చూడలేదు. ఒళ్లు మండింది, ఆ వెంటనే సిగ్గేసింది. పండుగపూట ఇనుప ముక్కతో పోటీ ఏమిటని, ఇక కుళ్లుకోనని ఒట్టేసుకుంది. అతను స్నానానికి వెళ్లగానే, కత్తిపీటకు రాసినట్టే రాణి రిమ్ములకు కూడా మెరిసేలా కొబ్బరినూనె పట్టించింది.

నరేందర్ క్యాంపస్‌లో ఒక చక్కర్ కొట్టొస్తానని వెళ్లాడు. దిగుడు కింద పూలబండి దగ్గరికి నడిచొచ్చిన భాగ్య తన జడకు తానే పూలు కొనుక్కుంటోంది. పైనుంచి రాణి దూసుకొస్తోంది. అతను బ్రేకులు నొక్కుతున్నాడు, రబ్బర్లు జారుతున్నాయి. అడ్డంగా సిటీ బస్సు వస్తోంది. నూనె సంగతి అప్పుడు తట్టింది భాగ్యకు. కళ్లు పెద్దవి చేసి సైకిల్‌నే చూసింది. ఆగలేదు. భయంలో కుళ్లు ఎక్కడ పుడుతుంది? కొత్త చీరను తలచుకుంది, మోకాలిని తలచుకుంది. లాభం లేదు.

అప్పుడు నరేందర్ అరిచాడు. దేవుణ్ణి కాదు, తల్లిని కాదు, భార్యను అసలే కాదు.

"రాణీ!"

సచ్చేముందు కూడా దాని పేరేనా? భాగ్యకు కడుపులోంచి మంట లేచింది. రాణి ఉన్నచోటే నిలబడిపోయింది. నరేందర్ తూలను కూడా లేదు. బస్సు అతని ముందు నుంచి వెళ్లిపోయింది.

అతను దిగి, రిమ్ము తడిమి, వేళ్లు వాసన చూసుకున్నాడు. తర్వాత తలెత్తి భాగ్యను చూశాడు.

"కొత్త చీరనా?"

"పొద్దటి సంది కట్టుకొనే ఉన్న."

సాయంత్రం రాణిని తలకిందులుగా పెట్టి, రిమ్ములను సబ్బునీళ్లతో జిడ్డు పోయేదాకా కడిగాడు. బ్రేకు నొక్కి చూస్తే గట్టిగా పట్టింది. చక్రాన్ని ఆరడానికి తిప్పి వదిలేసి, కొబ్బరినూనె సీసాతో వచ్చి భాగ్య మోకాలి దగ్గర కూర్చున్నాడు.

భాగ్య చక్రం వంకే చూస్తోంది. అది తిరుగుతూనే ఉంది.