పది కండెలకొకసారి

మొగుడు దశరథానికి పేగు మెలికబడి నల్లబారిపోయింది, కోసి తీసేయకపోతే సాయంత్రం దాకా బతకడని కరీంనగర్ దవాఖానాలో డాక్టర్ చెప్పగానే అనసూర్య కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆపరేషన్ అయ్యాక ఆ డాక్టరే బయటికి వచ్చి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆయనది గుంటూరు వైపు.

"మనిషికి పదమూడు మూరల దాకా చిన్నపేగు ఉంటుందమ్మా. మీ ఆయనకు మూరెడే మిగిలింది. తిన్నది ఒంటికి పట్టేది ఆ పేగులోనే. ఇలాంటి వాళ్లను నేను ఇంతకుముందు ఇద్దరినే చూశాను."

ఆ ఇద్దరూ ఏమయ్యారని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు.

సిరిసిల్లలో మగ్గం నేసే మనిషికి మూరంటే ఎంతో ఒకరు చెప్పనక్కర్లేదు. తెలివి వచ్చాక ఆ మాట విని దశరథం ఎండిన పెదవులతోనే నవ్వాడు. "మూరెడా? రైక గుడ్డకు సుత సాలదు గదనే!" అనసూర్యకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.

నెల రోజులు నరానికి సెలైన్ సీసాలు ఎక్కించారు. ఇంటికి పంపేముందు డాక్టర్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని వైద్యమంతా నేర్పాడు. గంటకు ఎనిమిది చెంచాల గంజి. పల్చగా కాచి, ఉప్పు, కాస్త చక్కెర వేయాలి. నెయ్యి, నూనె ముట్టించకూడదు. దాహమన్నా చెంబెడు ఉత్త నీళ్లు ఇవ్వకూడదు, అవి ఒంట్లోని ఉప్పును కూడా ఊడ్చుకుపోతాయి. "మిగిలిన పేగు మెల్లగా పని నేర్చుకుంటుంది. వారానికొక చెంచా పెంచు. తొందరపడితే మాత్రం మనిషి దక్కడు."

ఇంట్లో గడియారం లేదు. ఎదురింటి లింగమూర్తి వాళ్ల గోడ గడియారం ముందు రాట్నం వేసుకుని కూర్చుని, గంటలో ఎన్ని నూలు కండెలు చుట్టగలదో చూసుకుంది. పది. ఆనాటి నుంచి పదో కండె నిండగానే రాట్నం ఆపి చెంచా పట్టుకునేది. గంజి ఆమెకు కొత్త కాదు. నూలుకు గంజి పట్టించడం చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే. ఎక్కువైతే పోగు పెళుసై తెగుతుంది, తక్కువైతే పీచు లేస్తుంది. మనిషి విషయంలోనూ అంతే జాగ్రత్త పడింది.

వాడకట్టు వాళ్లు ఊరుకుంటారా! "లంఖణం పరమౌషధమంటరు గని, నెలల పొడుగూత లంఖణమా?" అన్నారు. "తల్లి కడుపు చూస్తుంది, పెళ్లాం జేబు చూస్తుంది" అని ఆమెకు వినబడేటట్టే అన్నారు. రాత్రీ పగలూ ఆ కడుపు తప్ప ఇంకేదీ చూడని ఆడదాన్ని ఆ మాట అనడానికి వాళ్లకు నోరెట్లా వచ్చిందో! అత్త శంకరవ్వ మాత్రం ఏమీ అనేది కాదు. కొడుకు పక్కటెముకల వైపు చూసి కొంగు నోట్లో కుక్కుకునేది.

ఏడో నెలలో అనసూర్య నూలు తేవడానికి సొసైటీకి పోయి వచ్చేసరికి, శంకరవ్వ ఎంగిలి పళ్లెం కడుగుతూ కనిపించింది. కొడుకుకు పెట్టింది పప్పన్నం, గరిటెడు నెయ్యి, మీదికి పెరుగన్నం. "అడిగిండే! కన్నదాన్ని, పెట్టకుంట ఎట్లుంట?" అంది. రాత్రంతా విరేచనాలై, తెల్లారేసరికి దశరథం కళ్లు లోపలికి పోయాయి, పిక్కలు పట్టేసి అరిచాడు. బస్సులో కరీంనగర్ తీసుకుపోతే మళ్లీ నాలుగు సీసాలు పట్టాయి. దవాఖానా వసారాలో శంకరవ్వ నెత్తి బాదుకుంది. అనసూర్యకు అత్త మీద కోపం రాలేదు. కుళ్లు పుట్టింది. ఒక్కనాడైనా ఆయన కడుపునిండా తింటుంటే చూసే అదృష్టం ముసలిదానికి దక్కింది, తనకు దక్కలేదు.

"నువ్వెప్పుడు పెడతవే?" అని అడిగాడు దశరథం ఇంటికొచ్చాక.

"నువ్వు మగ్గం గుంతల దిగిననాడు."

మళ్లీ ఎనిమిది చెంచాల దగ్గర మొదలుపెట్టింది. పన్నెండు చెంచాలు, పదిహేను చెంచాలు అయ్యాయి. తర్వాత మెత్తని అన్నం పిడికెడు. చలికాలంలో ఒకరోజు గోడ పట్టుకుని నడిచి మగ్గం దాకా వచ్చాడు, పోగును దగ్గరికి కొట్టే పలకను చేత్తో తడిమి వెళ్లిపోయాడు. నేతకు కూర్చునే గుంతలో మాత్రం దిగలేదు. ఎండలు ముదిరేసరికి పాదాలు వాచాయి, ముఖం ఉబ్బింది. దవాఖానాకు తీసుకుపోతే డాక్టర్ తూకం వేసి, కళ్లు చూసి, అనసూర్యను పక్కకు పిలిచాడు.

"ఇంతకాలం నిలబెట్టింది నువ్వేనమ్మా, నేను కాదు. ఇక గంటలు లెక్కపెట్టకు. ఆయన ఏదడిగితే అది పెట్టు."

ఇక మనిషి దక్కడన్న మాటనే ఆయన అట్లా చెప్పాడని అనసూర్యకు తెలిసింది.

శంకరవ్వకు మాత్రం ఆ మాట తీపి కబురైంది. "అన్నీ పెట్టుమన్నడా? నా కొడుకుకు నిమ్మలమైనట్టే! రాజన్నకు కోడెను కడత" అని మొక్కుకుని, గుడి ఉన్న తూర్పు దిక్కుకు తిరిగి దండం పెట్టింది. అనసూర్య కాదనలేదు.

మర్నాడు పొద్దున రాట్నం ముట్టకుండా పొయ్యి ముందు కూర్చుంది. యాట మాంసం తెప్పించి కూర వండింది. సన్నబియ్యం వండి పళ్లెం నిండా పెట్టి, నెయ్యి వేసి, ఆయన ముందుకు తెచ్చింది. శంకరవ్వ విసనకర్ర పట్టుకుని పక్కనే చేరింది.

దశరథం పళ్లెం వైపు చూశాడు. తర్వాత రాట్నం వైపు చూశాడు.

"పొద్దుటి సంది రాట్నం సప్పుడు లేదు. డాక్టర్ ఏమన్నడే?"

"మంచిగైతున్నవన్నడు. ఏదడిగితే అది పెట్టుమన్నడు."

పెళ్లయినప్పటి నుంచీ ఆయనకు ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. ఏడాదిగా ఎంత బతిమాలినా కరగని మనిషి, అడగకముందే పళ్లెం నింపి తెచ్చింది. ఆయనకు ఇంకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

చాలాసేపు వాసన పీల్చుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ముద్ద కలిపి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

"నువ్వు తిను. నా ముంగట తినలేక నువ్వు సుత ఏడాది సంది కడుపునిండ తినలే. నాకెర్కలేదనుకున్నవా?"

"నీకోసం వండిన గదా..."

"నాకు గంజే పొయ్యి. ఇయ్యాల గంట తప్పినవ్. పోయి కండెలు చుట్టు."

శంకరవ్వ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. కొడుకు ముఖమూ కోడలి ముఖమూ చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అనసూర్య ముద్ద నోట పెట్టుకుంది. అట్లాగే పోయి రాట్నం ముందు కూర్చుని తిప్పింది. పదో కండె నిండాక లేచి, గంజిలో ఉప్పు వేసి, చెంచా తీసుకుంది.