పద్నాలుగో అంతస్తులో పాలు

బొంబాయి శివారు ములుండ్‌లో కొత్తగా తెరిచిన ఆ హోటల్ పేరు 'గల్లీ'. బోర్డు చూడగానే నాకు ఒళ్ళు మండింది. గల్లీలో పుట్టి పెరిగినవాళ్ళెవరూ హోటల్‌కి ఆ పేరు పెట్టరు.

నేను హైదరాబాద్‌లో ఒక పరుపుల కంపెనీలో పనిచేస్తాను. హాస్టళ్ళకీ ఆసుపత్రులకీ టోకున పరుపులు అమ్మడం నా ఉద్యోగం. నెలలో సగం రోజులు ఏదో ఒక ఊళ్ళో, ఏదో ఒక హోటల్లో పడుకుంటాను. ఈసారి బొంబాయి. శనివారం ఒక మీటింగు, సోమవారం ఇంకొకటి, మధ్యలో ఆదివారం ఖాళీ. ఆ ఖాళీ కోసమే ఈ ప్రయాణం అడిగి మరీ వేయించుకున్నాను. మా అమ్మ రత్నాబాయి కామాఠీపురలో ఒక్కతే ఉంటుంది. వరసగా ఒంటిగది ఖోలీలున్న ఆ చాల్ పాతబడి పెచ్చులూడుతోంది. పడగొట్టి కొత్త బిల్డింగ్ కడతాం, అద్దెకున్నవాళ్ళకీ అందులో తలో ఖోలీ ఇస్తాం, దీపావళిలోపు ఖాళీ చెయ్యండి అన్నారు బిల్డరు మనుషులు. చాల్‌లో అందరూ ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. మా అమ్మ మాత్రం ఏదీ తేల్చదు. నాతో వచ్చెయ్యమ్మా అని ఫోన్లో అడిగినప్పుడల్లా "సూద్దాం తియ్" అంటుంది. ఈసారి ఆమెతో ఔననిపించుకోకుండా విమానం ఎక్కకూడదని పట్టుబట్టి వచ్చాను.

హోటల్ లాబీలో గోడకి పాత సైకిల్ తగిలించారు. చేతిపంపు నోటికి బల్బు పెట్టారు. రంగులు పూసిన రేకుపెట్టె మీద పత్రికలు పరిచారు. మా ఇంట్లో చుట్టాలొస్తే మంచం కిందికి తోసేసే పెట్టె అది. ఇక్కడ దాని పక్కన నిలబడి జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. కౌంటర్ దగ్గర అబ్బాయి తాళం కార్డు ఇస్తూ, "ఈ గదిలో మీరే మొదటి అతిథి మేడమ్" అన్నాడు, బహుమతేదో చేతిలో పెడుతున్నట్టు.

గది మాత్రం బాగుంది. ఉన్నమాట చెప్పుకోవాలి. పద్నాలుగో అంతస్తు. కిటికీ అవతల వానాకాలపు మబ్బు తప్ప ఇంకేం లేదు. ఆ మబ్బు అద్దానికి ఆనుకుని, లోపలికి రానా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కదలకుండా ఉంది. శనివారం మీటింగు అయ్యాక వచ్చి ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను. చప్పుడు లేదు. నేనెక్కడున్నానో, ఏ ఊరో, ఎన్నేళ్ళదాన్నో కాసేపు జ్ఞాపకం లేకుండా పోయింది. అప్పుడే తట్టింది. అమ్మని ఇక్కడికి తీసుకొస్తే? కొత్త గది ఎలా ఉంటుందో, చల్లగాలిలో పడుకోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి రుచి చూస్తే తనే దిగొస్తుంది అనుకున్నాను. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి కదా.

ఆదివారం పొద్దున్నే ట్యాక్సీలో వెళ్ళాను. అమ్మ మా చాల్ దగ్గరి ఫోరస్ రోడ్ మలుపులోకి వచ్చి నిలబడింది. పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి, కాళ్ళకి కొత్త చెప్పులు. లాబీలో అడుగుపెట్టి, రేకుపెట్టె చూసి ఆగిపోయింది.

"గీ సందూక మనింట్ల లేదా? దీన్ని సూపెట్టనీకె గింత దూరం దెచ్చినవా?"

"పైకి రా అమ్మా, చెప్తా."

లిఫ్టు కదిలినట్టే తెలియలేదు. తలుపు తెరుచుకునేసరికి వేరే లోకంలో ఉన్నాం. వరండా పొడుగునా మెత్తటి తివాచీ. అమ్మ గది బయట చెప్పులు విడిచి, గోడవారగా జతచేసి పెట్టి లోపలికొచ్చింది. ఆ వరండా మొత్తంలో గుమ్మం ముందు చెప్పులున్న గది మాదొక్కటే. 

ఆమె గదంతా మెల్లగా తిరిగింది. దేన్నీ ముట్టుకోలేదు. స్నానాల గది తలుపు తీసింది, మూసింది, మళ్ళీ తీసింది.

"ఇది మనొక్కలకేనా?"

"మనకొక్కళ్ళకే."

"బయట ఎవరు లైన్ల లేరా?"

"ఎవరూ లేరు. ఎంతసేపైనా ఉండు."

అమ్మ అలా లోపలికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు మొదలైంది, ఆగలేదు. మా చాల్‌లో తెల్లవారకముందే నీళ్ళొచ్చి, తెల్లవారేసరికి పోతాయి. అమ్మ తన జీవితంలో తీరిగ్గా స్నానం చెయ్యడం నేను వినడం ఇదే మొదలు. వింటూ వింటూ నాకు కళ్ళు మూతపడ్డాయి. ఆ నీళ్ళలో తేలి ఎక్కడికో పోతున్నట్టుంది. అమ్మ తడిజుట్టు విదిలించుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం మబ్బుని చూస్తూ ఉండిపోయాం. మంచి అదను అనుకుని, ఆమెని మెప్పించడానికి, "ఈ గదిలో మనమే మొదటివాళ్ళమట, తెలుసా?" అన్నాను.

అమ్మ మొహం మారింది.

"మొదటోళ్లమా? మరి పాలు ఎవరు పొంగిచ్చిండ్రు?"

"హోటల్ కదమ్మా. ఇక్కడెవరు పొంగిస్తారు?"

"మనిషి పండేదైతె ఇల్లె గదా బిడ్డా. పాలు పొంగని ఇంట్ల పంటె నిద్రెట్ల పడ్తది?"

మంచి పరుపుంటే నిద్ర అదే పడుతుందని చెప్పి అమ్ముకునేదాన్ని నేను. అమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. మబ్బు కాస్త విచ్చి, దూరంగా మేడలు కనబడ్డాయి.

"మీ నాయిన సెంట్రింగ్ కట్టిన బిల్డింగులు గీ ఊర్ల ఎన్నున్నయో. ఒక్కొక్కటి లేసినప్పుడల్ల సేటు లోపట పాలు పొంగిస్తుండె, మాకు బయట పేడా మిఠాయి ఇస్తుండిరి. నేను కాపురానికొచ్చిన ఖోలీ కిరాయిది. మాకంటె ముందే ఎవరో ఉండి పోయిండ్రు. దాంట్ల ఏం పొంగిస్తం? గట్లనె అయిపాయె."

ఆమె బాధపడుతూ చెప్పలేదు. వాన పడుతోంది అన్నంత మామూలుగా చెప్పింది.  డెబ్భై ఏళ్ళ మనిషి, భర్త ఊరంతా ఇళ్ళు కట్టిన మనిషి, ఒక్క గిన్నెడు పాలు పొంగించుకోలేదు. నేను ఫోన్ తీసి పాలు కావాలని చెప్పాను. వేడిపాలు పంపారు. మరిగిన పాలు మళ్ళీ పొంగించేదేమిటని అమ్మ ఒప్పుకోలేదు. మళ్ళీ ఫోన్ చేసి పచ్చిపాలు అడిగితే, అవతలివాళ్ళు మేనేజర్ని కనుక్కుని గాజు జగ్గులో పంపారు.

గదిలో పొయ్యి లేదు. టీ కాచుకోవడానికి పెట్టిన కరెంటు కెటిల్ ఉంది. దానిలోనే పోశాను. సూర్యుడు కనబడడు కాబట్టి ఫోన్లో చూసి తూర్పు పోల్చుకుని, కెటిల్ మూతిని అటున్న కిటికీవైపు తిప్పాం. అమ్మ స్విచ్ మీదికి చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

"నువ్వు పెట్టు బిడ్డా. నేను పెట్టద్దు."

నాన్న పోయినప్పటినుంచీ అంతే. ఎవరింట్లో శుభకార్యమైనా అమ్మ వెనక వరుసలో, గోడ పక్కన కూర్చుంటుంది. ఎవరూ పొమ్మనరు, తనే వెళ్ళి కూర్చుంటుంది. నాకు కోపమొచ్చింది. ఆమె మీద కాదు, ఆ గోడ మీద.

"ఇక్కడెవరున్నారమ్మా చూడ్డానికి? మబ్బు తప్ప ఎవరున్నారు? పెట్టు!"

అమ్మ తలుపు వైపొకసారి చూసింది. కొంగు తలమీదికి లాక్కుంది. స్విచ్ నొక్కింది.

ఇద్దరం ఆ పొట్టి బల్ల ముందు నేలమీద కూర్చుని చూస్తున్నాం. కెటిల్ మూత తీసే ఉంచాం. పాలు ముందు ఊరికే ఉన్నాయి. అంచుల్లో చిన్న వణుకు మొదలైంది. మీగడ సన్నగా ముడతపడింది. కిటికీలో మబ్బు, కెటిల్లో పాలు, రెండూ ఒకే తెలుపు. నాకు గది కూడా నెమ్మదిగా పైకి లేస్తున్నట్టు అనిపించింది. ఒక్కసారిగా నురుగు లేచి, కిటికీవైపు అంచు దాటి బల్ల మీదికి జారింది. అమ్మ రెండు చేతులూ జోడించి "వచ్చినయ్, వచ్చినయ్!" అని చిన్నపిల్లలా అరిచింది. అంతలో టప్పుమని కరెంటు పోయింది.

కాసేపటికి తలుపు కొట్టి ఒక అమ్మాయి వచ్చింది. గదులు శుభ్రం చేసే అమ్మాయి, చొక్కా మీద ప్రియాంక అని పేరుంది. పాలు కారుతున్న బల్లనీ, చేతులు జోడించి కూర్చున్న అమ్మనీ చూసి, హిందీలో ఏదో అనబోయి ఆగింది.

"అమ్మా, పాలు పొంగిచ్చిండ్రా?"

"తెలుగుపిల్లవా? ఏ ఊరు బిడ్డా?"

"మక్తల్ దిక్కు. మా అమ్మ రాములమ్మ గీ బిల్డింగుకె ఇటుకలు మోసింది. తయారైనంక ఒక్కసారొచ్చి సూడవే అంటె సిగ్గు, రాదు."

అమ్మ మిగిలిన పాలలో చక్కెర పొట్లం చించి వేసి, కాగితం కప్పులో పోసి ఆ పిల్ల చేతికిచ్చింది. "ఇది మీ అమ్మకియ్యి. గీ ఇంటి పాలు అని జెప్పు." ప్రియాంక బల్ల తుడిచి, కింద ఎవరికో ఫోన్ చేసి కరెంటు తెప్పించి, కప్పు మీద అరచెయ్యి మూతలా పెట్టి పట్టుకుని వెళ్ళింది.

"పాలు పొంగినంక ఒక నిద్ర జెయ్యాలె" అని అమ్మ మంచం ఎక్కింది. ఎక్కిన వెంటనే నిద్రపోయింది. మధ్యాహ్నమంతా నిద్రపోయింది. మా ఇంట్లో అందరికంటే ఆఖర్న పడుకుని అందరికంటే ముందు లేచే మనిషి. ఆమె నిద్రపోతుండగా నేను చూసిన జ్ఞాపకమే లేదు. మొహంలో ముడతలన్నీ వదులయ్యాయి. కుర్చీలో నేనూ మగతలోకి జారాను. మబ్బులోంచి మా చాల్ ఖోలీలు ఒకటొకటిగా విడివడి కిటికీ ముందునుంచి తేలుతూ పోతున్నాయి. ఒకదానిలో పక్కింటి గంగాబాయి బియ్యం ఏరుతోంది. ఒకదానిలో నాన్న చొక్కా కొక్కేనికి వేలాడుతోంది. ఏదీ కింద పడటంలేదు. అమ్మ వస్తుంది, ఇంక అనుమానం లేదు అని ఆ మగతలోనే తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే అమ్మ కోసం కాదు, నా కోసమే రమ్మంటున్నాను. నా పెళ్ళి నిలవలేదు. ఊళ్ళు తిరిగి అర్ధాకలితో ఇంటికొచ్చి తాళం తీస్తే, తిన్నావా అని అడిగే మనిషి లేదు. ఆ ఒక్క మాట కోసం నేనెంత ముఖం వాచి ఉన్నానో నాకే అప్పుడు తెలిసింది.

సాయంత్రం అమ్మ లేచి, జుట్టు ముడివేసుకుని, దుప్పటి మడత పెట్టింది. నేను అడగకముందే తేల్చింది.

"నేను హైదరాబాద్ రాను బిడ్డా."

"మరెక్కడుంటావ్?"

"గంగాబాయోళ్లు ధారావిల ఖోలీ సూసుకున్నరు. పక్కపొంటి ఇంకోటి ఉన్నదట. బిల్డింగ్ లేసెదాంక ఆడుంట. లేసినంక మన ఖోలీ మనకిస్తరు గద. దాంట్ల నేను పాలు పొంగిస్త."

"పునాదే తియ్యలేదమ్మా! లేవడానికి ఐదేళ్ళో పదేళ్ళో! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?"

అమ్మ నవ్వింది. "పేరు పెట్టుకుంటెనన్న పుడ్తడేమో."

"అమ్మా, నవ్వకు. నేనొక్కదాన్నే ఉండలేకపోతున్నాను." ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనేసరికి ఏడుపొచ్చింది.

అమ్మ నా తల తన పొట్టకి ఆనించుకుంది. "నాకు ఎరుక గాదా? సెలవు దొరికినప్పుడల్ల రా. నేను గూడ రైలెక్కి వస్త, నెలరోజులుండి పోత. కాని నా ఇల్లు ఇడిసి రాను. ఇన్నేండ్లు నాకు ఇల్లు గావాలని మనసు గుంజలే. ఇయ్యాల గుంజింది. నువ్వే జూపిచ్చినవ్."

నేనే చూపించాను. చేజేతులా చేసుకున్నదానికి ఇంకెవరిని తిట్టుకోను? వచ్చింది ఒకందుకు, అయ్యింది ఇంకొకటి. ఆ బిల్డింగ్ లేచేనాటికి ఆమె ఉంటుందో లేదో అన్న భయం నా గుండెలో రాయిలా పడింది. ఆ భయం ఆమె మొహంలో లేదు.

కింద ట్యాక్సీ వచ్చిందని కౌంటర్ నుంచి ఫోన్ చేశారు. అమ్మ గది బయట చెప్పులు తొడుక్కుంది. వరండాలో ప్రియాంక బండి తోసుకుంటూ ఎదురైంది. అమ్మ ఆగి, సంచిలోంచి ఎల్లమ్మ గుడి కుంకుమ పొట్లం తీసింది. నాన్న పోయాక మా అమ్మ ఎవరికీ బొట్టు పెట్టలేదు. ఆమె చేతి బొట్టు ఎవరూ అడగలేదు కూడా. వేలు ముంచి, ప్రియాంక నుదుట పెట్టింది.

"మా ఇంట్ల పాలు పొంగిస్తున్నం. మీ అమ్మను దోల్కొని తప్పకుండ రావాలె. కామాఠీపుర."

"ఎప్పుడమ్మా?"

"తారీకు తర్వాత జెప్త."

ప్రియాంక వెనక్కి తగ్గలేదు. వంగి అమ్మ కాళ్ళకి మొక్కింది.

అమ్మ నా వైపు తిరిగింది. చల్లటి వేలు నా నుదుటికి తాకింది. పరాయింటి పెద్దమనిషిని పిలుస్తున్నట్టు మర్యాదగా, కొంచెం సిగ్గుగా అడిగింది.

"మా ఇంట్ల పాలు పొంగిస్తున్నం. మీరు వస్తరు గద?"

బొట్టు పెట్టి పిలిచాక కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?

"వస్తానమ్మా" అన్నాను.