కొరమీను ఊపిరి

పర్యావరణం పాఠం కోసమని మా ఎనిమిదో తరగతి గదిలో గాజుతొట్టి పెట్టించింది నేనే. అందులో జానెడు కొరమీను ఒకటి. దాన్ని ఇచ్చింది అఖిల తాత బిక్షపతి, చిలుకూరు చెరువులో చేపలు పట్టే మనిషి. రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చే నాకు కొరమీను పులుసులోనే పరిచయం. ఆ సంగతి పిల్లలకు చెప్పలేదు.

యూనిట్ టెస్టులో చేప దేనితో శ్వాసిస్తుందని అడిగాను. అందరూ మొప్పలని రాశారు. అఖిల మాత్రం, "మొప్పలు. కొరమీనైతే పైకొచ్చి గాలి కూడా పీలుస్తుంది" అని రాసింది. ఇరవై ఏళ్ల సర్వీసు నాది. తాతకు దగ్గులు నేర్పుతోందని ఒళ్లు మండి, ఎర్ర ఇంకుతో సున్నా చుట్టాను.

శనివారం సాయంత్రం కొరమీను ఎగిరి నేల మీద పడింది. మర్నాడు సెలవు. దాన్ని మళ్లీ తొట్టిలో వేసి, నీళ్లు అంచు దాకా నింపి, పైన చెక్క మూసి, బరువుకు ఇటుక పెట్టాను.

"టీచర్, జర సందు ఉంచుండ్రి. దానికి గాలి ఆడది," అంది అఖిల.

"నీళ్లలో ఉండే చేపకు గాలేంటమ్మా? మళ్లీ మొదలుపెట్టావా?"

పిల్లలు నవ్వారు. గదికి తాళం వేస్తుంటే లోపల టక్కుమని చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే, కొరమీను మూతితో చెక్కను కొడుతోంది. ఆడుకుంటోందిలే అనుకున్నాను.

కోదాడ బస్సొచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టానో లేదో అనుమానం పట్టుకుంది. ఆడుకునేదైతే నాలుగు పక్కలా గాజు ఉండగా పైకే ఎందుకు కొడుతోంది?

"ఎక్కుతరా లేదా మేడం?" అని కండక్టర్ అరిచాడు. ఎక్కలేదు.

బడి వరండాలో, మా గది కిటికీ దగ్గర అఖిల ఇంకా నిలబడే ఉంది. కళ్ల నిండా నీళ్లు.

"సప్పుడు ఆగిపోయింది టీచర్."

గబగబా తాళం తీశాను. చెక్క ఎత్తి చూస్తే కొరమీను అడుగున పక్కకు ఒరిగి ఉంది. అఖిల మోచేతి దాకా చెయ్యి పెట్టి, దాన్ని అరచేతిలో నీటి పైకి లేపింది. కదలలేదు. నేను చంపేశాననుకున్నాను. కాసేపటికి అది నోరు తెరిచి గాలి మింగింది. మళ్లీ మింగింది.

"చేప కూడా నీళ్లలో ఊపిరాడక చస్తుందా?" అని అడిగాను. ఈసారి నిజంగా తెలియకే అడిగాను.

"కొరమీను సస్తది టీచర్. వలల అడుగుకు ఇరికితే పైకి రాలేక సస్తది. అందుకే మా తాత వల జల్ది గుంజుతడు."

బీరువాలోంచి అఖిల పేపరు తీసి, సున్నా కొట్టేసి, రెండుకు రెండు మార్కులు వేసి సంతకం పెట్టాను. తప్పు నాదేనమ్మా అంటూ అందించబోయాను.

అఖిల తలెత్తలేదు. తడి చెయ్యి ఇంకా చేప కిందే ఉంది.

"జర ఆగుండ్రి టీచర్. ఇంకోసారి పీల్చనియ్యుండ్రి."

పేపరు చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాను.